ఒకే పల్లెలో ఇద్దరు జాన్‌లు, వీలునామాలేమో కాలిపోయాయి: మా వాడెవరో తేల్చడం ఎలా?

డార్ట్‌మూర్_కోడలు
మా అత్తింటివారిది ఇంగ్లండులోని డెవన్ కౌంటీ. డార్ట్‌మూర్ అంచున ఒక చిన్న పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) తరతరాలుగా కౌలు వ్యవసాయం చేసుకుని బతికిన కుటుంబం. మా మామగారు ఉద్యోగ విరమణ తరువాత వంశవృక్షం మొదలుపెట్టారు కానీ, చూపు మందగించడంతో ఆ ఫైలు నా చేతికి వచ్చింది. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వ జనన, వివాహ, మరణ నమోదు ఉంది కనుక అంతవరకు వెళ్లడం కష్టం కాలేదు. అంతకు ముందుకు పోవాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. సరిగ్గా అక్కడే బండి ఆగిపోయింది.

మాకు కావలసిన వ్యక్తి పేరు జాన్. ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పల్లెలో ఎటు చూసినా అదే ఇంటిపేరు. 1809లో అదే చర్చిలో ఎలిజబెత్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1851 జనాభా లెక్కలలో అతని వయస్సు 67 అని, పుట్టింది ఆ పారిష్‌లోనే అని ఉంది. బాప్తిస్మాల పుస్తకంలో మాత్రం ఇద్దరు జాన్‌లు కనిపిస్తున్నారు. థామస్, మేరీల కొడుకు 1783 సెప్టెంబరులో, విలియం, ఆన్‌ల కొడుకు 1784 మేలో బాప్తిస్మం పొందారు. 1785లో ఒక జాన్‌ను సమాధి చేసినట్లు కూడా ఉంది కానీ, అందులో వయస్సూ లేదు, తండ్రి పేరూ లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షాలన్నీ విలియం కొడుకునే మా వాడిగా చూపుతున్నాయి. ఎందుకో ఒక్కరూ రాయలేదు. పోనీ వీలునామాలు చూద్దామంటే, ఎక్సిటర్‌లో దాచిన వీలునామాలన్నీ యుద్ధకాలంలో కాలిపోయాయని తెలిసింది. తేల్చే మార్గం ఏదైనా ఉందా, లేక చీటీలు వేసుకోవలసిందేనా?

లెక్కల_మాస్టారు
1851లో లెక్కలు తీసినది మార్చి 30న. ఆ రోజుకు 67 నిండి ఉన్నాయంటే 1783 మార్చి చివరికీ 1784 మార్చి చివరికీ మధ్య పుట్టి ఉండాలి. మీరు చెప్పిన బాప్తిస్మం తేదీలను బట్టి ఇద్దరూ ఆ లెక్కలో ఇమిడిపోతారు. ఆ వయస్సు మీకు ఎటూ సాయపడదు.

శ్రావణ_మేఘం
అన్ని వంశవృక్షాలూ విలియం అంటున్నప్పుడు అందులో ఏదో నిజం ఉండే ఉంటుంది కదా. అంతమంది ఒకేసారి పొరబడతారా?

నిజాంపేట_నాని
అంతమంది పొరబడనక్కరలేదు. ఒకరు పొరబడి, మిగిలినవారు ఎక్కించుకుంటే సరిపోతుంది. మా కాలేజీలో రికార్డు పుస్తకాలు రాసిన పద్ధతి కూడా ఇదే.

పాత_దస్త్రాలు
నాని గారి మాటతో ఏకీభవిస్తున్నాను. మూలం చూపని వంశవృక్షాలు ఎన్ని ఉన్నా, వాటన్నిటిదీ కలిపి ఒక్క ఓటే.

నాకు ఆసక్తి కలిగించినది 1783 సెప్టెంబరు అన్న తేదీ. ఆ ఏడాది అక్టోబరు నుంచి చర్చి రిజిస్టరులో రాసే ప్రతి బాప్తిస్మానికీ, పెళ్లికీ, సమాధికీ మూడు పెన్నీల చొప్పున స్టాంపు సుంకం విధించారు. నిరుపేదలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. కొన్ని పుస్తకాలలో అటువంటి వారి పేరు పక్కన ఆ సంగతి గుర్తు పెట్టి ఉంటుంది. ఆ సుంకం 1794లో రద్దయింది. సుంకం రాబోతున్నదని తెలిసి, అంతవరకు వాయిదా వేసుకుంటూ వచ్చిన తల్లిదండ్రులు ఆ సెప్టెంబరులో పిల్లలందరినీ వెంటబెట్టుకుని చర్చికి పరుగెత్తారు. అందుచేత ఆ నెలలో బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరినీ పసిబిడ్డగా భావించకూడదు. రిజిస్టరులో ఆ పుట తెరిచి, థామస్ పిల్లలు ఇంకెవరైనా అదే రోజు ఉన్నారేమో చూడండి. సూచికలో వెతికితే ఒక్క పేరే కనిపిస్తుంది. పుట చూస్తే కుటుంబం మొత్తం కనిపిస్తుంది.

డార్ట్‌మూర్_కోడలు
పుట తెరిచి చూశాను. మీరు ఊహించినట్లే, థామస్, మేరీల పిల్లలు ముగ్గురు ఒకే ఆదివారం వరుసగా ఉన్నారు: సుసన్నా, జాన్, రిచర్డ్. పుట్టిన తేదీలు రాయలేదు. ఆ పుటలో ఇంకా రెండు కుటుంబాలు ఇదే విధంగా గుంపుగా వచ్చాయి.

లెక్కల_మాస్టారు
పెద్ద నుంచి చిన్నకు వరుసగా రాసి ఉంటే జాన్ మధ్యవాడు, అంటే 1781 ప్రాంతంలో పుట్టి ఉండవచ్చు. 1851లో 67 అన్న వయస్సు అప్పుడు విలియం కొడుకు వైపు మొగ్గుతుంది. కానీ 1841 లెక్కలు కూడా చూడండి. ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవారి వయస్సును అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. 57 ఏళ్లవాడు 55గా, 60 నిండినవాడు 60గా కనిపిస్తాడు.

డార్ట్‌మూర్_కోడలు
1841లో 60 అని ఉంది.

లెక్కల_మాస్టారు
అయితే ఒక లెక్క థామస్‌కూ, ఒక లెక్క విలియంకూ అనుకూలం. గణనాధికారికి తలుపు తీసినది ఎవరో, వారికి ఇంటాయన వయస్సు ఎంతవరకు తెలుసో ఎవరు చెప్పగలరు?

గుంటూరు_గంట
పెళ్లి నమోదులో ఏమి రాసి ఉందో ఎవరూ అడగలేదు. 1754 మార్చి 25 నుంచి అమలైన హార్డ్‌విక్ చట్టం ప్రకారం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు, యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే, మూడు ఆదివారాలు ప్రకటన చదివించుకుని గానీ, లైసెన్సు తీసుకుని గానీ పెళ్లి చేసుకోవాలి. అంతకంటే మనకు పనికివచ్చే సంగతి, వధూవరులూ సాక్షులూ పుస్తకంలో సంతకం చేయాలి, రానివారు నిశానీ పెట్టాలి. మా నాన్నగారు పాస్టరు. మా చర్చిలో ఇప్పటికీ ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటనలు చదువుతారు కనుక ఆ పాత పుటలు చూసినప్పుడు నాకు ఏమీ కొత్తగా అనిపించలేదు.

రెండు విషయాలు చూడండి. జాన్ సంతకం చేశాడా, నిశానీ పెట్టాడా? సాక్షులు ఎవరు? అచ్చయిన సూచికలలో సాక్షుల పేర్లు చాలాసార్లు వదిలేస్తారు.

డార్ట్‌మూర్_కోడలు
జాన్ సంతకమే చేశాడు. కలం నొక్కి, అక్షరాలు ఒక్కొక్కటిగా విడదీసి, చివరి అక్షరానికి గీత దాటి కిందికి జారిన తోక పెట్టాడు. ఎలిజబెత్ నిశానీ పెట్టింది. సాక్షులలో ఒకరు రిచర్డ్, ఇంటిపేరు మాదే. థామస్ మూడవ బిడ్డ పేరు కూడా రిచర్డ్ కదా!

పాత_దస్త్రాలు
తొందరపడకండి. సాక్షులలో ఒకరు చాలాసార్లు చర్చి గుమాస్తాయే అవుతాడు. ముందూ వెనుకా పది పెళ్లిళ్లు చూసి, అదే రిచర్డ్ అన్నిటికీ సంతకం చేశాడేమో గమనించండి.

డార్ట్‌మూర్_కోడలు
చూశాను. అన్నిటికీ సంతకం చేసిన వ్యక్తి వేరే ఉన్నాడు. రిచర్డ్ ఈ ఒక్క పెళ్లికే వచ్చాడు.

శ్రావణ_మేఘం
ఇక తేలినట్లే. థామస్ కొడుకే.

లెక్కల_మాస్టారు
ఊళ్లో ఎటు చూసినా అదే ఇంటిపేరని ఆవిడే చెప్పారు. రిచర్డ్‌లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా తేలడం ఏమిటి?

టేమ్స్_గట్టు
1785 నాటి సమాధి ఎవరిదో తేలితే సగం పని అయిపోతుంది. 1598 నుంచి ప్రతి పారిష్ తన రిజిస్టరుకు ఏటా ఒక నకలు రాసి బిషప్ కార్యాలయానికి పంపాలన్న నియమం ఉంది. అన్ని సంవత్సరాలవీ మిగలలేదు కానీ, మిగిలినవాటిలో కొన్నిసార్లు మూలంలో లేని మాట ఒకటి దొరుకుతుంది. నకలు రాసే మతగురువుకు చనిపోయినది ఎవరి బిడ్డో గుర్తుండి, దానిని కూడా చేర్చేవాడు. సమాధుల పుస్తకంలో వయస్సు తప్పనిసరి అయినది 1813 నుంచి, అచ్చు ఫారాలు వచ్చిన తరువాతే. అంతకు ముందు ఎంత రాయాలన్నది రాసేవాడి ఓపికను బట్టి ఉండేది.

ఇక వీలునామాల సంగతి. 1858 జనవరి వరకు ఇంగ్లండులో వీలునామాలను ధ్రువీకరించినవి చర్చి కోర్టులు. కింద ఆర్చ్‌డీకన్ కోర్టు, పైన బిషప్ కోర్టు, ఆ పైన కాంటర్‌బరీ, యార్కు ఆర్చిబిషప్‌ల కోర్టులు. ఎక్సిటర్ మీద 1942 మేలో బాంబులు పడినప్పుడు కాలిపోయినవి అక్కడ దాచిన స్థానిక కోర్టుల వీలునామాలే కానీ, డెవన్ వారి వీలునామాలన్నీ కావు. ఒకటి కంటే ఎక్కువ డయోసిస్‌లలో (ఒక్కో బిషప్ పరిధిలోని ప్రాంతాలలో) ఆస్తి ఉన్నవారు, ప్లిమత్ నుంచి నౌకలెక్కిన నావికులలో చాలామంది కాంటర్‌బరీ కోర్టుకు వెళ్లారు. ఆ పుస్తకాలు లండన్ శివార్లలోని క్యూలో జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వారసత్వ పన్ను కోసం 1812 నుంచి 1857 వరకు డెవన్ వీలునామాలకు తీసిన నకళ్లు కూడా మిగిలాయి. పన్ను రేటు చనిపోయినవారితో బంధుత్వాన్ని బట్టి మారేది కనుక, 1796 నుంచి నడిచిన ఆ పన్ను రిజిస్టర్లలో ఎవరికి ఎవరు ఏమవుతారో గుమాస్తాలు పట్టుబట్టి రాసేవారు. యుద్ధానికి ముందే కొందరు పరిశోధకులు రాసుకున్న సంగ్రహాలు కూడా ఉన్నాయి. అన్నీ కాలిపోయాయని విని చేతులు ముడుచుకోవద్దు.

ఎర్రమట్టి_రైతు
ఇదంతా ఆస్తిపరుల కథ. కూలివాడు వీలునామా రాస్తాడా? మా ఆవిడ వాళ్ల పూర్వీకులు డోర్సెట్‌లో పాలేర్లు. ఒక్క వీలునామా దొరకలేదు. దొరికినదల్లా పేదల చట్టం కాగితాలలోనే. 1662 చట్టం ప్రకారం ఎవరైనా సాయం అడిగితే, అతని బాధ్యత ఏ పారిష్‌దో ముందు తేల్చాలి. దానికోసం ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది జీతానికి ఉన్నావు, ఎవరిని కట్టుకున్నావు అని అడిగి రాసుకునేవారు. ఆమె ముత్తాతకు తాతగారి బతుకంతా అలాంటి ఒక్క కాగితంలో ఉంది. అది కూడా గర్భిణి భార్యతో సహా అతనిని పొరుగు పారిష్‌కు పంపించేయడానికి రాసిన కాగితం.

టేమ్స్_గట్టు
మీరు చెప్పిన కాగితాల విలువను కాదనను. కానీ కూలివాడు రాయకపోయినా, అతని గురించి ఇంకొకరు రాసి ఉండవచ్చు. పెళ్లికాని మేనత్త, పిల్లలు లేని పెదనాన్న, వితంతువైన పిన్ని, వీరి వీలునామాలే వంశచరిత్రకు అన్నిటికంటే ఉపయోగం. పిల్లలున్న రైతు నా ఆస్తి నా కొడుకుకు అని ఒక్క మాటతో ముగిస్తాడు. పిల్లలు లేని ముసలమ్మ చెంచాలూ దుప్పట్లూ సహా ఎవరికి ఏది చెందాలో పేరుపేరునా చెబుతుంది. 1882 నాటి చట్టం వచ్చేవరకు భర్త బతికుండగా, అతని అంగీకారం లేకుండా భార్య వీలునామా రాయడానికి వీలు లేదు కనుక, స్త్రీల వీలునామాలలో ఎక్కువ భాగం వితంతువులవీ, అవివాహితలవీ.

డార్ట్‌మూర్_కోడలు
టేమ్స్ గట్టు గారు చెప్పిన పన్ను నకళ్లలో విలియం వీలునామా దొరికింది, 1819 నాటిది. భార్య ఆన్, కొడుకులు విలియం, జేమ్స్, కూతురు గ్రేస్ ఉన్నారు. జాన్ లేడు. థామస్ 1808లోనే చనిపోయాడు కనుక అతనిది ఈ నకళ్లలో ఉండదు.

శ్రావణ_మేఘం
జాన్ లేడంటే 1785లో చనిపోయినవాడు విలియం కొడుకే. ఈసారైనా ఒప్పుకుంటారా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
ఒప్పుకోను. పెళ్లి చేసి, వాటా పంచి పంపించిన కొడుకు పేరు వీలునామాలో లేకపోవడం మామూలే. మొగ్గు థామస్ వైపు పెరిగిందని మాత్రం అంటాను.

మచిలీ_మేడం
మధ్యలో ఒక మాట. 1752కు ముందు రిజిస్టర్లు చూసేవారు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదని గుర్తుంచుకోవాలి. మా వియ్యంకుల వంశంలో ఒక జంటకు 1720 ఏప్రిల్‌లో పెళ్లయితే, పెద్దబిడ్డ బాప్తిస్మం 1720 ఫిబ్రవరి అని ఉండడం చూసి, ఆ సంగతి వాళ్లింట్లో ఎవరూ పైకి ఎత్తేవారు కాదు. ఆ ఫిబ్రవరి పెళ్లి తరువాత వచ్చిన ఫిబ్రవరి అని, ఇప్పటి లెక్కలో 1721 అని నేను చెప్పినప్పుడు మా వియ్యపురాలి ముఖం చూడవలసింది.

నిజాంపేట_నాని
క్యాలెండరు మార్చిన 1752 సెప్టెంబరులో 2వ తేదీ తరువాత 14వ తేదీ వచ్చింది కదా. ఆ పదకొండు రోజుల అద్దె ఇంటివాళ్లు వదులుకున్నారా లేదా అన్నది ఎవరైనా తేల్చండి.

బిట్రగుంట_మనవడు
టేమ్స్ గట్టు గారు మేనత్తల వీలునామాల గురించి చెప్పినది అక్షరాలా నిజం. మా అమ్మమ్మవాళ్లు బిట్రగుంట రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్లు. మా మూలపురుషుడు సికింద్రాబాదు కంటోన్మెంటుకు వచ్చిన ఒక సిపాయి అన్నంతవరకే ఇంట్లో తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల నుంచి లండన్‌కు పంపిన బాప్తిస్మ, వివాహ, సమాధి పట్టికలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో అతని పెళ్లి దొరికింది కానీ, ఇంగ్లండులో ఏ ఊరో లేదు. క్యూలోని సైనిక విరమణ కాగితాలలో అతని ఎత్తు, జుట్టు రంగు, పూర్వపు వృత్తితో పాటు పుట్టిన పారిష్ కూడా దొరికింది. అది విల్ట్‌షైర్‌లో ఉంది.

ఆ పారిష్‌లో కూడా, మీకు జరిగినట్లే, అదే పేరుతో ఇద్దరు. చివరకు తేల్చినది చిప్పెనమ్ ఆర్కైవులో దొరికిన ఒక అవివాహిత వీలునామా. తన సోదరుని కొడుకు ఈస్ట్ ఇండీస్‌లో సైన్యంలో ఉన్నాడని, అతను బతికి ఉండి ఎప్పటికైనా ఇంగ్లండు తిరిగి వస్తే పది పౌండ్లు ఇవ్వాలని, లేదంటే ఆ సొమ్ము అతని చెల్లెలికి చెందాలని రాయించింది. అతను తిరిగి వెళ్లలేదు. ఆ పది పౌండ్లు చెల్లెలికే చేరి ఉంటాయి.

గుంటూరు_గంట
ఎప్పటికైనా తిరిగి వస్తే అన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను.

కౌలు_కాగితం
ఆలస్యంగా చూశాను. డెవన్‌లో కౌలు రైతులు అని మొదటి పోస్టులోనే ఉంది, అయినా ఎవరూ కౌలు పత్రాల ఊసెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఇంగ్లండు నైరుతి ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్దం వరకు బాగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రాణాల మీద కౌలు. కాగితం మీద తొంభై తొమ్మిదేళ్లని రాసినా, అందులో పేర్కొన్న ముగ్గురు మనుషులలో ఆఖరివాడు చనిపోయిన రోజున కౌలు ముగిసిపోతుంది. మొదట పెద్ద మొత్తం చెల్లించి, ఆ తరువాత ఏటా నామమాత్రపు అద్దె కడతారు. ఆ ముగ్గురిలో సాధారణంగా రైతు, అతని భార్య, పిల్లలు ఉంటారు. ఎక్కువ కాలం బతుకుతారని ఆశ ఉన్న పిల్లల పేర్లే ఎంచుకుంటారు కనుక వారి వయస్సులూ, తండ్రి పేరూ స్పష్టంగా రాయడం భూస్వామికి అవసరం. ఒక ప్రాణం పోతే, కొంత సొమ్ము కట్టి కొత్త పేరు చేర్పిస్తారు. అప్పుడు పాత కౌలును ప్రస్తావిస్తూ కొత్త పత్రం రాస్తారు.

మీ పారిష్‌లో భూస్వామి ఎవరో 1840 ప్రాంతపు దశమభాగాల (చర్చికి చెల్లించే పదవ వంతు) పటంలోనూ దాని జాబితాలోనూ ఉంటుంది. ఆ ఎస్టేటు కాగితాలు ఎక్సిటర్‌లోని డెవన్ హెరిటేజ్ సెంటర్‌లో ఉన్నాయేమో కేటలాగు చూడండి. అవి వీలునామాల గోదాములో లేవు కనుక ఆ మంటలకు దొరకలేదు.

నిజాంపేట_నాని
కౌలు కోసం పిల్లవాడి ఆయుష్షు మీద పందెం కాసేవారన్నమాట. వాడికి జలుబు చేస్తే ఇల్లంతా ఎంత కంగారు పడేదో.

డార్ట్‌మూర్_కోడలు
ఎక్సిటర్ వెళ్లి వచ్చాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు బిషప్ నకలు. 1785 పట్టిక ఉంది. తోలు కాగితం, ఒక మూల తడిసి చెదిరింది కానీ మాకు కావలసిన వరుస చక్కగా కనిపిస్తోంది: జాన్, విలియం, ఆన్‌ల కుమారుడు, పసిబిడ్డ. మూల రిజిస్టరులో జాన్ అన్న ఒక్క పేరు తప్ప ఏమీ లేని చోట నకలులో ఇంత రాశాడు. పుట చివర మతగురువు, ఇద్దరు చర్చి వార్డెన్లు సంతకాలు చేశారు.

ఇక కౌలు. దశమభాగాల జాబితాలో భూస్వామి పేరు పట్టుకుని ఎస్టేటు కట్టలు తెప్పించుకున్నాను. 1799 సెప్టెంబరు నాటి పత్రంలో థామస్‌కు ఇల్లు, తోట, నాలుగు పొలాలు కౌలుకు ఇచ్చారు. ప్రాణాలు మూడు: థామస్, అతని కొడుకు జాన్, వయస్సు సుమారు 18, మరొక కొడుకు రిచర్డ్, సుమారు 16. 1832 నాటి రెండవ పత్రంలో, 1799 కౌలును ఆ థామస్ కొడుకు జాన్ అప్పగించినందున అదే భూమికి కొత్త కౌలు ఇస్తున్నామని, ఇకపై ప్రాణాలు జాన్, అతని భార్య ఎలిజబెత్, వారి కొడుకు థామస్ అని ఉంది. అడుగున జాన్ సంతకం. గీత దాటి కిందికి జారిన అదే తోక.

పాత_దస్త్రాలు
రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి, మూలాల వివరాలతో సహా ఆ వంశవృక్షాల యజమానులకు పంపండి. సగం మంది జవాబివ్వరు. అయినా పంపండి.

శ్రావణ_మేఘం
మాస్టారి మౌనం అర్థవంతంగా ఉంది.

లెక్కల_మాస్టారు
మౌనం కాదు, లెక్క సరిచూస్తున్నాను. 1799 సెప్టెంబరులో 18 అంటే 1841 జూన్‌లో 59 గానీ 60 గానీ. అప్పటి జనాభా లెక్కలో 60 అని రాశారు, సరిపోయింది. 1851 నాటి 67 తప్పు. ఒప్పుకుంటున్నాను.

ఎర్రమట్టి_రైతు
చివరికి వీలునామా కాదు, కౌలు కాగితమే తేల్చింది. నా మాట పూర్తిగా తీసిపారేయవద్దని మనవి.

డార్ట్‌మూర్_కోడలు
మా మామగారికి రెండు పత్రాలూ చదివి వినిపించాను. విన్న వెంటనే, థామస్, మేరీల పెళ్లి ఎక్కడ జరిగిందో కనుక్కోమన్నారు. ఆ పారిష్ పుస్తకంలో 1770 నుంచి 1783 వరకు అటువంటి పెళ్లి లేదు. మేరీ పుట్టింటి పేరు కూడా తెలియదు.

గుంటూరు_గంట
పెళ్లి ఎక్కువగా అమ్మాయి పారిష్‌లో జరుగుతుంది. పిల్లవాడి పారిష్‌లో ప్రకటన మాత్రం చదువుతారు. పెళ్లిళ్ల పుస్తకం పక్కనపెట్టి, ప్రకటనల పుస్తకం విడిగా మిగిలిందేమో అడగండి. మిగిలి ఉంటే అమ్మాయి పేరూ ఊరూ రెండూ అందులో ఉంటాయి.

టేమ్స్_గట్టు
అది లేకపోతే ఎక్సిటర్ బిషప్ ఇచ్చిన వివాహ లైసెన్సుల పట్టిక చూడండి. అది కూడా లేకపోతే, చుట్టుపక్కల పారిష్‌లలో కూతురు మేరీకీ, అల్లుడు థామస్‌కూ ఏదో ఒకటి వదిలివెళ్లిన వితంతువు ఎవరైనా ఉందేమో కాంటర్‌బరీ పుస్తకాలలో వెతకండి.